హైదరాబాద్ ఎండల్లో డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను చల్లగా ఉంచుకునే విధానం

ఫిబ్రవరి దాకా ఏ ఇబ్బందీ పెట్టని కంప్యూటర్ ఏప్రిల్ రెండో వారం వచ్చేసరికి మధ్యాహ్నం పూట ఫ్యాను రొద పెంచుతుంది, పెద్ద ఫైలు తెరిస్తే నెమ్మదిస్తుంది, మే నెలలో ఒకరోజు పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. దానికి వైరస్ కారణమనుకొని విండోస్ మళ్లీ వేయించేవారిని, ర్యామ్ కొని తెచ్చేవారిని నేను ప్రతి వేసవిలోనూ చూస్తున్నాను. చాలా సందర్భాల్లో ఆ రెండింటి అవసరమూ లేదు, వేడిని బయటికి పంపే దారి సరిచేస్తే చాలు.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. మన ఇళ్లలో పెట్టె మొత్తాన్ని సీపీయూ అనడం అలవాటు. ఈ వ్యాసంలో ఆ పెట్టెను క్యాబినెట్ అనీ, లోపల మదర్‌బోర్డు మీద ఉండే అసలు చిప్పును ప్రాసెసర్ అనీ వ్యవహరిస్తాను.

ఇక అన్నిటికీ ఆధారమైన సూత్రం. ఫ్యానుతో చల్లబరిచే ఏ కంప్యూటర్ అయినా గదిలో ఉన్న గాలి కంటే చల్లగా ఉండడం సాధ్యం కాదు. ఫ్యాను చల్లదనాన్ని తయారు చేయదు, ప్రాసెసర్ వేడిని గదిలోని గాలికి అప్పగిస్తుంది, అంతే. ఒకే పని, ఒకే ఫ్యాను వేగం ఉన్నప్పుడు గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. జనవరిలో గది 25 డిగ్రీలు, ప్రాసెసర్ 70 డిగ్రీలు ఉంటే తేడా 45. అదే గది మే నెలలో 38 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ 83 దగ్గర నిలబడుతుంది. దుమ్ము పట్టి ఆ తేడా 60కి పెరిగిందంటే 98 అవుతుంది, అక్కడే అసలు ప్రమాదం. కాబట్టి మన చేతిలో ఉన్న పనులు మూడే: గది వేడిని తగ్గించడం, ఆ తేడాను తగ్గించడం, కంప్యూటర్ పుట్టించే వేడినే తగ్గించడం. కింది మెట్లన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

మొదటి మెట్టు: కొలిచి రాసుకోవడం

కొలవకుండా మొదలుపెడితే ఏ పని వల్ల లాభం కలిగిందో చివరికి తెలియదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లేదా కోర్ టెంప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఉబుంటు వంటి లైనక్స్ వాడేవారికి ఎల్ఎం సెన్సార్స్ ఉంది. గదికి గోడకు తగిలించే మామూలు థర్మామీటరు సరిపోతుంది, కాని దానిని క్యాబినెట్ ముందు భాగంలో, అది గాలి పీల్చుకునే చోట పెట్టి చూడాలి. గది మధ్యలో 35 ఉన్నప్పుడు బల్ల కింద మూలన 40 ఉండడం నేను చూశాను. కంప్యూటర్‌కు లెక్కకు వచ్చేది ఆ రెండో అంకె.

మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, ఏ పనీ చేయించకుండా పది నిమిషాలు ఉంచి ఒకసారి, రోజూ చేసే పనుల్లో అన్నిటికంటే బరువైనది అరగంట చేయించి మరొకసారి అంకెలు రాసుకోండి. ఏ పనీ లేనప్పుడు 45 నుండి 55 వరకు, బరువైన పనిలో 85 లోపు ఉంటే ఈ ఊరి వేసవిలో ఆందోళన పడనక్కరలేదు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల వద్ద, ఇటీవలి ఏఎమ్‌డీ రైజెన్లలో చాలావరకు 95 ప్రాంతంలో తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కంప్యూటర్ నెమ్మదించిందని మనకు అనిపించేది ఆ సమయంలోనే. అప్పటికీ వేడి ఆగకపోతే తనను తాను కాపాడుకోవడానికి యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఆ తరువాత కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కనిపిస్తుంది. అయితే కరెంటు పోయినా అదే నమోదు పడుతుంది కనుక దానిని ఒక్కదానినే సాక్ష్యంగా తీసుకోకూడదు.

హార్డ్ డిస్క్ ఉన్నవారు దానినీ గమనించాలి. చాలా డిస్కులకు కంపెనీ చెప్పే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు. నా మట్టుకు నేను 50 దాటితే ఊరుకోను, ఎందుకంటే ప్రాసెసర్ పోతే డబ్బుతో మరొకటి వస్తుంది, పిల్లల ఫోటోలు రావు.

రెండో మెట్టు: గదిని, క్యాబినెట్ ఉన్న చోటును సరిచేయడం

మా ఇల్లు అపార్టుమెంటులో అయిదో అంతస్తు, పైన స్లాబు తప్ప మరేమీ లేదు. పై అంతస్తులో ఉండేవారికి తెలిసిన విషయమే: పగలంతా ఎండ తాగిన స్లాబు సూర్యుడు దిగిన తరువాత కూడా చాలాసేపు వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది. అందువల్ల సాయంత్రం ఏడు గంటలకు బయట గాలి చల్లబడినా గది చల్లబడదు, కంప్యూటర్ కూడా చల్లబడదు. దీనికి నేను చూసినంతలో ఖర్చుకు తగిన ఫలితమిచ్చేది డాబా మీద తెల్లటి పూత. వేడిని వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింటు వేయించినా సరే, పాతకాలపు పద్ధతిలో సున్నం కొట్టించినా సరే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది కూడా. అపార్టుమెంటు సంఘంలో ఈ విషయం కదపాలంటే మార్చి మొదట్లోనే కదపాలి, మే నెలలో డాబా మీద కాలు మోపడమే కష్టం.

పడమటి కిటికీ పక్కన కంప్యూటర్ పెట్టకండి. వేరే చోటు లేనప్పుడు కిటికీకి బయటి వైపున నీడ ఏర్పాటు చేయాలి. లోపలి కర్టెన్ ఎండను ఆపేలోగా వేడి అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది, వెదురు తెరో వట్టివేళ్ల తడికో బయట కట్టితే ఆ వేడి బయటే ఆగుతుంది.

ఎయిర్ కూలర్ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ఎక్కువ ఇళ్లలో వేసవికి ఆధారం అదే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కనుక కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది, గదిని అనేక డిగ్రీలు చల్లబరుస్తుంది, ఆ లాభం నేరుగా ప్రాసెసర్‌కూ అందుతుంది. అయితే రెండు షరతులున్నాయి. కూలర్ కిటికీకి అమర్చి బయటి గాలిని తీసుకోవాలి, ఎదురుగా మరో కిటికీయో తలుపో తెరిచి ఉండాలి, లేకపోతే గది ఉక్కపోస్తుంది. రెండోది మరింత ముఖ్యం: కూలర్ గాలిని ఎప్పుడూ క్యాబినెట్ మీదికి సూటిగా కొట్టనివ్వకండి. దాని గాలితోపాటు కంటికి కనిపించని నీటి తుంపరలు వస్తాయి. బోరు నీళ్లు పోస్తే ఆ తుంపరల్లోని లవణాలు, కూలర్ గడ్డి మీద మీరు చూసే ఆ తెల్లటి పొర, మదర్‌బోర్డు మీద కూడా చేరతాయి. దాని మీద దుమ్ము అంటుకుంటే బ్లోయర్‌కు కూడా వదలదు. కూలర్ గాలి గది అంతా తిరిగి క్యాబినెట్‌ను చేరేటట్లు, రెండింటి మధ్య కనీసం ఆరేడు అడుగుల దూరం ఉంచండి. జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ పెరిగిన తరువాత కూలర్ వల్ల ప్రయోజనం తక్కువ, అప్పుడు మామూలు ఫ్యాను మేలు.

ఏసీ ఉన్నవారికి చిక్కు తక్కువ. 26 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే కంప్యూటర్‌కు అది జనవరి లాంటిదే. ఏసీ యూనిట్‌కు సరిగ్గా కింద మాత్రం క్యాబినెట్ ఉంచవద్దు, డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజున నీళ్లు కారేది అక్కడికే.

ఇక కంప్యూటర్ టేబుల్ విషయం. క్యాబినెట్ కోసం కింద మూడు వైపులా ప్లైవుడ్‌తో మూసిన అర ఉండే బల్లలు మన ఇళ్లలో ఎన్నో. వాటిలో వెనుక నుండి వెళ్లిన వేడిగాలి బయటపడే దారి లేక ముందుకు తిరిగి వచ్చి మళ్లీ లోపలికే పోతుంది. వెనుక పలకను వడ్రంగి చేత తీయించండి, లేదా క్యాబినెట్‌ను బయట చిన్న స్టూలు మీద పెట్టండి. గోడకు వెనుక భాగానికి మధ్య జానెడు దూరం ఉండాలి. నేల మీద పెట్టకపోవడానికి కారణం దుమ్ము: చీపురు తగిలే ఎత్తులో ఉన్న ప్రతి వస్తువూ దుమ్ము పీలుస్తుంది. చాలా క్యాబినెట్లలో పవర్ సప్లై, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, కింది నుండి గాలి తీసుకుంటుంది కాబట్టి దాని కింద దుప్పటో చాపో ఉండకూడదు.

మూడో మెట్టు: దుమ్ము దులపడం

ఒక్క మెట్టుకే సమయం ఉందనుకుంటే ఈ మెట్టునే ఎంచుకోండి.

మా బావమరిది నాచారంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. దుకాణం రోడ్డు మీదికే, పైన రేకులు, ముందు షట్టరు. రెండేళ్ల క్రితం మే నెలలో, పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, వీడియో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారు చేయించడం) పెట్టిన ప్రతిసారీ సగంలో కంప్యూటర్ ఆగిపోతోందని కబురు పెట్టాడు. నేను వెళ్లి మూత తీయబోతుంటే "మొన్ననే తుడిపిచ్చిన కదా బావా, లోపలంతా సాఫ్‌గనే ఉన్నది" అన్నాడు. నిజమే, ఫ్యాను రెక్కలు మెరుస్తున్నాయి. కాని ఫ్యానును హీట్‌సింక్ నుండి, అంటే ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగే లోహపు రేకుల దిమ్మె నుండి, విడదీసి చూస్తే, అల్యూమినియం రేకుల మొదట్లో, సరిగ్గా ఫ్యాను కింద, బూడిదరంగు కంబళి ముక్కలాంటి దుమ్ము పొర ఉంది. గోటితో అంచు లేపితే చిరగకుండా ఒకే ముక్కగా ఊడి చేతికి వచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం రేకుల మధ్యకు పోవడం లేదు. ఆ ఒక్క పొర తీసినందుకే అదే రెండర్‌లో ప్రాసెసర్ 99 నుండి 81కి దిగింది. తుడిచినవారు పైపైన తుడిచారు, లోపం అక్కడే జరిగింది.

కాబట్టి ఈ క్రమంలో చేయండి. కంప్యూటర్ ఆపి, స్విచ్చి కట్టేసి, వెనుక వైరు తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు చాలావరకు ఖాళీ అవుతుంది. క్యాబినెట్‌ను బాల్కనీలోకి తీసుకెళ్లండి, గదిలో దులిపితే అదే దుమ్ము సాయంత్రానికి మళ్లీ లోపలికి చేరుతుంది. పొడి వాతావరణంలో స్థిర విద్యుత్తు ఎక్కువగా పుడుతుంది కనుక భాగాలను తాకే ముందు, మధ్యమధ్యలో కూడా, క్యాబినెట్ లోహపు చట్రాన్ని ముట్టుకుంటూ ఉండండి.

హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే చేతి బ్లోయర్ ఈ పనికి ఎంతో అనువైనది. రాణీగంజ్‌లో రకరకాలవి దొరుకుతాయి. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని భాగాలకు ఆనించి పీల్చవద్దు, దానితో స్థిర విద్యుత్తు భయం ఉంది. బ్లోయర్‌ను జానెడు దూరంలో ఉంచి, ప్రతి ఫ్యానునూ వేలితో కదలకుండా పట్టుకొని ఊదండి. స్వేచ్ఛగా తిరగనిస్తే ఫ్యాను తన మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది, పైగా అది చిన్న జనరేటరులా మారి బోర్డులోకి విద్యుత్తు పంపే అవకాశమూ ఉంది. హీట్‌సింక్‌కు ఉన్న ఫ్యానును స్క్రూలు తీసి తప్పనిసరిగా విడదీసి రేకుల మొదళ్లు చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని రేకుల మధ్య కూడా ఊదండి. పవర్ సప్లైని బయటి నుండే ఊదాలి, ఎట్టి పరిస్థితిలోనూ దాని పెట్టె విప్పకూడదు, లోపలి కెపాసిటర్లలో వైరు తీసిన తరువాత కూడా ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. ముందు భాగంలోని జాలీ ఫిల్టర్లను కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి.

చుట్టుపక్కల భవన నిర్మాణం జరుగుతున్న చోట, అంటే ఇప్పుడు ఈ నగరంలో సగం కాలనీల్లో, రెండు నెలలకొకసారి ఇది అవసరం. తక్కినచోట్ల మార్చిలో ఒకసారి, మే మొదట్లో ఒకసారి చేస్తే సరిపోతుంది.

నాలుగో మెట్టు: గాలికి దారి వేయడం

చల్లగాలి ముందు నుండి, కింది నుండి లోపలికి రావాలి, వేడిగాలి వెనుక నుండి, పై నుండి బయటికి పోవాలి. ఫ్యాను ఏ వైపు ఊదుతుందో తెలుసుకోవడం తేలిక: రెక్కలు తెరిచినట్లుగా కనిపించే వైపు గాలి పీల్చుకుంటుంది, మోటారును పట్టి ఉంచే కడ్డీలు ఉన్న వైపు వదులుతుంది. దుకాణంలో కొత్తగా బిగించి ఇచ్చిన యంత్రంలో కూడా ముందు ఫ్యాను తలకిందులుగా ఉండడం నేను రెండుసార్లు చూశాను, కనుక ఒక అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూసుకోండి.

ఒక్క వెనుక ఫ్యానుతోనే నడిచే పాత క్యాబినెట్‌కు ముందు ఒకటి, వీలైతే రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బిగించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభమిచ్చే పని. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లే ముందు మీ క్యాబినెట్‌లో ఫ్యాను రంధ్రాల కొలత, మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న ఫ్యాను పిన్నుల సంఖ్య రాసుకుని వెళ్లండి. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే కొంచెం ఎక్కువగా ఉంటే మంచిది, అప్పుడు ఫిల్టరు లేని సందుల గుండా దుమ్ము లోపలికి రాదు. ఆ తరువాత బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే కంప్యూటర్ మూల అమరికల్లో, ఫ్యాను వేగం అమరికకు వెళ్లి, ప్రాసెసర్ 75 డిగ్రీలు చేరేసరికి ఫ్యాను పూర్తి వేగం అందుకునేటట్లు మార్చండి. రొద కొంత పెరుగుతుంది, వేసవి మూడు నెలలకు అది ఓర్చుకోదగినదే.

పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ రోజుకు అత్యవసరంగా పని ముగించుకోవాలంటే పెట్టవచ్చు. అలవాటుగా మాత్రం వద్దు, దుమ్ము పది రెట్లు వేగంగా చేరినట్లు అనిపిస్తుంది, దాక్కునే చోటు వెతుక్కునే బల్లులూ లోపలికి వస్తాయి. పవర్ సప్లైలో బల్లి పడి షార్ట్ అయిన యంత్రాన్ని నేను స్వయంగా చూశాను.

అయిదో మెట్టు: థర్మల్ పేస్టు మార్చడం

దుమ్ము తీసినా తేడా తగ్గకపోతే, యంత్రం కొని మూడు నాలుగేళ్లు దాటి ఉంటే, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండి వేడిని చేరవేసే పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. మంచి పేస్టు వెన్నలా మెత్తగా ఉంటుంది, ఎండినది గోడ సున్నంలా పెచ్చులుగా రాలుతుంది.

విప్పే ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి ఆపితే పేస్టు కొంచెం మెత్తబడుతుంది. పాత రైజెన్ల వంటి, కాళ్లు ప్రాసెసర్‌కే ఉండే ఏఎమ్4 రకంలో ఈ జాగ్రత్త తప్పనిసరి. హీట్‌సింక్‌ను నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా అంటుకుని సాకెట్ నుండి ఊడి వస్తుంది, కాళ్లు వంగుతాయి. అటూ ఇటూ మెల్లగా తిప్పి, పట్టు వదిలిన తరువాత పైకి తీయండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు రాలని గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఈ ద్రవం, పేస్టు రెండూ కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడగవచ్చు. కొత్త పేస్టును ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత పెట్టి, హీట్‌సింక్‌ను నేరుగా దాని మీద దించితే ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. ఎక్కువ వేయడం వల్ల మేలు లేదు, అంచుల నుండి కారి మురికి అవుతుంది.

బిగింపులో ఎదురెదురు మూలలను జంటగా తీసుకుని కొద్దికొద్దిగా బిగించాలి. ఇంటెల్ పెట్టెలో వచ్చే హీట్‌సింక్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. వాటిలో ఒక్కటి సరిగా కూర్చోకపోయినా ఒక మూల లేచి ఉండి ఉష్ణోగ్రత క్షణాల్లో 100 తాకుతుంది. నాలుగూ "టక్" మన్నాయని చెవితో వినడమే కాక, బోర్డు వెనుక వైపు నుండి నాలుగు కొనలూ బయటికి వచ్చాయో లేదో కంటితో చూడండి. హీట్‌సింక్ కొత్తదైతే అడుగున అంటించిన పారదర్శక ప్లాస్టిక్ పొరను తీయడం మరచిపోకండి.

ఆరో మెట్టు: పుట్టే వేడినే తగ్గించడం

కంప్యూటర్ తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 300 వాట్లు తీసుకునే యంత్రం మీ గదిలో 300 వాట్ల హీటరు పెట్టినట్లే, కనుక ఇక్కడ తగ్గించిన ప్రతి వాటూ గదికీ, ప్రాసెసర్‌కూ, కరెంటు బిల్లుకూ కలిసి వస్తుంది. ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ5 12400 మామూలు పరిమితి 65 వాట్లు, టర్బోలో, అంటే బరువైన పనికి కాసేపు వేగం పెంచుకున్నప్పుడు, 117 వాట్ల వరకు వెళ్తుంది. బయోస్‌లో ఆ రెండో పరిమితిని కూడా 65కి తెస్తే టైపింగ్, బ్రౌజింగ్, లెక్కల పనుల్లో తేడా తెలియదు, వీడియో రెండర్ మాత్రం కొంత ఆలస్యమవుతుంది. రైజెన్ వాడేవారికి ఈ పనికే ఎకో మోడ్ ఉంది. బయోస్ ముట్టుకోవడానికి జంకేవారు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుండి 99కి మార్చితే చాలా ప్రాసెసర్లలో టర్బో ఆగిపోతుంది.

ఆటలు ఆడేవారు గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 80 శాతానికి తగ్గించి, సెకనుకు 60 బొమ్మలు చూపే 60 హెర్ట్జ్ మానిటరు ఉంటే ఫ్రేముల (సెకనుకు తయారయ్యే బొమ్మల) సంఖ్యను కూడా 60 దగ్గర కట్టివేయాలి. మానిటరు చూపించలేని ఫ్రేములను తయారు చేయడానికి ఆ వేడి అంతా వృథా. రెండర్లు, బ్యాకప్‌లు తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేటట్లు పెట్టుకోండి, రోజులో గది చల్లగా ఉండేది అప్పుడే.

యూపీఎస్ మాట

క్యాబినెట్‌కు ఇంత చేసి, యూపీఎస్‌ను దాని వెనుక వేడిగాలి తగిలే చోట ఉంచడం చాలా ఇళ్లలో జరుగుతుంది. అందులోని లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు తన ఆయుష్షులో ఇంచుమించు సగం కోల్పోతుందని లెక్క. దానిని పక్కకు జరిపి, పైన పుస్తకాలు పెట్టకుండా ఖాళీగా వదలండి.

మళ్లీ కొలవడం

అన్నీ పూర్తయ్యాక మొదటి రోజు చేసిన పనినే, అదే గంటలో, మళ్లీ చేయించి అంకెలు రాసుకోండి. రెండు రోజుల్లో గది వేడి వేరుగా ఉంటుంది కనుక పోల్చవలసింది ప్రాసెసర్ అంకెను కాదు, గదికీ దానికీ మధ్య తేడాను. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, అప్పుడు మరొకసారి చూడండి. ఆ తేడా, దుమ్ము దులిపిన తేదీ, పేస్టు మార్చిన తేదీ, ఈ మూడూ ఒక చిన్న కాగితం మీద రాసి క్యాబినెట్ పక్క మూత లోపలి వైపున అంటించండి. నా యంత్రంలో ఆ కాగితం మీద ఇప్పటికి ఆరు వేసవుల అంకెలున్నాయి.